అల్-మునక్కబ్ తీరాన ఒక వారం

విశ్రాంతి కోరడం విశ్వాసికి తగని పని కాదు. శరీరానికి మనపై హక్కు ఉన్నదనీ, ఇంటివారికి మనపై హక్కు ఉన్నదనీ దైవప్రవక్త (స) బోధించారు. భూమిపై సంచరించి, గతించిన జాతుల పర్యవసానాన్ని పరిశీలించమని దివ్య ఖుర్ఆన్ పలుచోట్ల మానవుణ్ణి ప్రేరేపించింది. ఈ రెండు బోధనలనూ ఒకే ప్రయాణంలో ఆచరించే అవకాశం యాభై ఏళ్లు దాటిన తరువాత నాకు లభించింది. అల్హమ్దులిల్లాహ్.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగా నగరంలో నివసిస్తున్నారు. వారికి తొమ్మిదేళ్ల కుమారుడు ఉన్నాడు. మా మద్రసాకు షాబాన్ నడిమి నుంచి షవ్వాల్ తొలి దినాల వరకు వార్షిక సెలవులు. అక్కడి పాఠశాలలకు ఫిబ్రవరి చివరి వారం సెలవులు. 2025లో ఈ రెండూ కలిశాయి. "రమజాను ప్రారంభం కాకముందే అమ్మీని తీసుకుని రండి అబ్బా, ఒక వారం సముద్ర తీరాన అందరం కలిసి ఉందాం" అని అమ్మాయి పట్టుబట్టింది.

ప్రయాణం సంగతి తెలిసి మా మద్రసాలోని తోటి ఉపాధ్యాయుడొకరు నవ్వుతూ, "మౌల్వీ సాబ్, సముద్రపు ఒడ్డున షికారుకా మీరు వెళ్లేది? అదీ యూరపులోనా?" అన్నారు. "సముద్రమూ అల్లాహ్ సృష్టే కదండీ, చూసి వస్తాను" అన్నాను. ఆయన ప్రశ్నలోని హెచ్చరికను మాత్రం మరచిపోలేదు. చూపును అదుపులో ఉంచుకోవడం, దుబారా చేయకపోవడం, నమాజును కోల్పోకపోవడం అనే మూడు నియమాలు పెట్టుకుని బయలుదేరాను.

మాలగాకు తూర్పున సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, గ్రనాదా జిల్లాకు చెందిన అల్మున్యేకర్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడే మా బస. పేరు వినగానే అరబీ చదివినవారి చెవి నిక్కబొడుచుకుంటుంది. అది పూర్వపు అల్-మునక్కబ్. ముస్లింలు అందలుస్ అని పిలిచిన దేశపు రేవుల్లో అదొకటి. ఉత్తరాన గోడలా నిలిచిన కొండలు చలిగాలిని అడ్డుకుంటాయి. అందువల్ల శీతకాలంలో కూడా అక్కడ వాతావరణం మృదువుగా ఉంటుంది. తీరంలో మన వైపు ఉండే మెత్తని ఇసుక తక్కువ. బూడిద రంగు గులకరాళ్లు, ముతక ఇసుక ఎక్కువ. వేసవిలో అక్కడ కాలు మోపడానికి స్థలం ఉండదట. మేము వెళ్లిన రోజుల్లో మాత్రం తీరం చాలావరకు ఖాళీగా ఉంది. వృద్ధ దంపతులు నెమ్మదిగా నడుస్తూ, ఎదురైనవారికి అభివాదం చేస్తూ పోతున్నారు. బురఖా ధరించిన నా భార్యకు కూడా వారు అదే విధంగా అభివాదం చేశారు. రెండవ రోజు నుంచి ఆమె కూడా వారి భాషలోనే బదులు చెప్పసాగింది.

హోటలు గదులు కాక, వంటగది ఉన్న చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాము. హలాల్ మాంసం మాలగాలోని మొరాకో సోదరుని దుకాణంలో కొని వెంట తెచ్చుకున్నాము. ఫజ్ర్ నమాజు కుటుంబమంతా జమాఅత్‌గా చేసుకునేవారం. అక్కడ ఆ కాలంలో సూర్యోదయం దాదాపు ఎనిమిది గంటలకు గనుక నిద్ర లేవడం పిల్లవానికి కూడా కష్టం కాలేదు. ఆపైన తీరం వెంట నడక. మధ్యాహ్నం రెండు దాటితే దుకాణాలు మూతపడతాయి. ఊరంతా భోంచేసి కాసేపు నడుము వాలుస్తుంది. సాయంత్రం ఐదు గంటలకు తిరిగి తలుపులు తెరుచుకుంటాయి. దీనిని వారు సియెస్తా అంటారు. మధ్యాహ్నపు కునుకు మనకు ఖైలూలా అనే సున్నతు. మన పట్టణాల్లో ఉద్యోగాల ఒత్తిడిలో అది దాదాపు కనుమరుగైంది. యూరపులోని ఒక ఊరు దానిని ఇంకా పాటిస్తుండడం చూసి ముచ్చట కలిగింది. ఆ వారమంతా నేను కూడా ఆ సున్నతును లోటు లేకుండా ఆచరించాను!

ఇక భోజనం విషయానికి వస్తాను. అక్కడి కూరగాయల బజారులో నిలబడితే అరబీ నిఘంటువు తెరిచినట్లే ఉంటుంది. బియ్యాన్ని వారు అర్రోస్ అంటారు, అరబీలో అల్-రుజ్. నూనె అసెయితే, మన జైత్. ఆలివ్ కాయ అసెయితూన, మన జైతూన్. కుంకుమపువ్వు అసఫ్రాన్, మన జాఫరాన్. పంట కాలువ అసెకియా, అరబీలో సాఖియా. కొన్ని మాటలు అంతకంటే దూరం నుంచి, మన దేశం నుంచే వెళ్లాయి. మన శర్కర పారశీకంలో షకర్ అయి, అరబీలో సుక్కర్ అయి, అక్కడ అసూకర్‌గా స్థిరపడింది. మన నారింజకు అక్కడి పేరు నరాంహ. వంకాయకు బెరెన్హేన, అది అరబీలోని బాజింజాన్. పేర్లతో పాటు పంటలూ ప్రయాణించాయి. చెరకును, వరిని, నారింజను, వంకాయను ఆ నేలలో నాటి, కాలువలు తవ్వి నీరు పారించినవారు ముస్లిం రైతులు. ఆ తీరంలో వెయ్యేళ్లకు పైగా చెరకు పండింది. ప్రక్కనే ఉన్న సాలోబ్రెన్య ఊరిలోని చివరి చక్కెర మిల్లు 2006లో మూతపడింది. ఇప్పుడు ఆ పొలాల్లో మామిడి, అవకాడో తోటలు పెరుగుతున్నాయి.

వంకాయను పలుచని ముక్కలుగా తరిగి, పిండిలో పొర్లించి, ఆలివ్ నూనెలో వేయించి, పైన చెరకు పాకం పోసి ఇవ్వడం అక్కడి ప్రత్యేక వంటకం. ఆ పాకాన్ని సమీపంలోని ఫ్రిహిల్యాన అనే గ్రామంలో ఇప్పటికీ కాస్తారు. కరకరలాడే వంకాయ మీద బెల్లపు పాకం వంటి తీపి. నా భార్య మొదట ముఖం చిట్లించింది. రెండవ రోజు మా వంటగదిలో తానే చేసింది. ఇంకొక ఆశ్చర్యం చిరిమోయా అనే ఫలం. చూడడానికి కళ్లు లేని సీతాఫలంలా, నున్నగా, పచ్చగా ఉంటుంది. రుచి మన సీతాఫలానికి దగ్గర చుట్టమే. నిజానికి రెండూ ఒకే జాతివి. రెండింటి పుట్టిల్లూ అమెరికా ఖండమే. మహబూబ్‌నగర్ సీతాఫలాలు తిని పెరిగిన నాకు ఆ గింజలు ఉమ్మడంలో శిక్షణ అవసరం కాలేదు. మనవడు గింజలు లెక్కపెడుతూ నాతో పోటీకి దిగాడు.

మరి బయటి భోజనం? అక్కడ దాదాపు ప్రతి భోజనశాలలోనూ మద్యం వడ్డిస్తారు. మద్యం వడ్డించే భోజనపు బల్ల వద్ద కూర్చోవద్దన్నది దైవప్రవక్త (స) బోధ. దీనికి మేము కనుగొన్న మార్గం తేలికైనది. చేపలు మాత్రమే వేయించి అమ్మే దుకాణాలు అక్కడ ఉన్నాయి. చిన్న చేపలను పిండిలో పొర్లించి, కణకణలాడే నూనెలో వేయించి, కాగితపు పొట్లంలో కట్టి ఇస్తారు. ఆ పొట్లాలు తీసుకుని సముద్రం ఎదురుగా ఉన్న బల్లలపై కూర్చుని, నిమ్మకాయ పిండుకుని తినేవారం. హనఫీ మతస్థులం గనుక స్క్విడ్ జోలికి పోలేదు. తీరాన ఇసుక నింపిన పాత పడవల్లో నిప్పు రాజేసి, చేపలను పుల్లలకు గుచ్చి కాల్చే పద్ధతి కూడా ఆ ప్రాంతమంతా ఉంది. మన చేపల వేపుడులోని కారం, అల్లం వెల్లుల్లి అక్కడ ఉండవు. ఉప్పు, నిమ్మ, నూనె మాత్రమే. అయినా తాజాదనం వల్ల ఆ రుచి మనసుకు నిలిచిపోయింది.

చిక్కు మరొకచోట ఉంది. పంది మాంసం అక్కడి వంటలో ఎంత కలిసిపోయిందో మనం ఊహించలేము. బఠాణీల కూర అంటారు, అందులో దాని ముక్కలు ఉంటాయి. శనగల పులుసు అంటారు, అందులో దాని సాసేజి ఉంటుంది. కొన్ని బిస్కత్తులలో, తీపి పదార్థాలలో దాని కొవ్వు కలుపుతారు. ఆ కొవ్వును మాంతేక అంటారు. కాబట్టి ఏది కొన్నా ముందు అడగాలి.

మూడవ రోజు రాత్రి వంటింట్లో పాత్రలు సర్దుతూ మా అమ్మాయి నెమ్మదిగా అన్నది: "అబ్బా, ఇక్కడికి వచ్చి ఆరేళ్లు. ఆరేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఇందులో పంది ఉందా, ఇందులో సారా ఉందా అని. అడిగి అడిగి అలసిపోయాను. నేను అడగడం మొదలుపెట్టగానే వీడు నా చేయి వదిలి దూరంగా నిలబడతాడు. బడిలో మధ్యాహ్న భోజనానికి పంది లేని భోజనం కావాలంటే కాగితం నింపి ఇవ్వాలి. వేరే పళ్లెంలో తినడం తనకు ఇష్టం లేదని గొడవ చేస్తున్నాడు. వచ్చే ఏటికి ఆ కాగితం ఇవ్వాలా, ఆ పళ్లెం వాడి ఇష్టానికి వదిలెయ్యాలా అని ఆలోచిస్తున్నాను."

నేను వెంటనే ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లుగా హలాల్, హరామ్ గురించిన పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ పాఠం ఆమెకూ వచ్చు. చిన్ననాడు నా ఒడిలోనే నేర్చుకుంది. ఆమెకు కరువైనది తెలివి కాదు, ఓపిక. ఓపిక తరిగిన మనిషికి ఫత్వా చదివి వినిపిస్తే ఏం లాభం? "రేపు అందరం కలిసి ఊరు చూద్దాం బేటీ" అని మాత్రం అన్నాను.

మరునాడు తీరానికి వెళ్లాము. అక్కడ సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద బండరాయి ఒకటి ఉంది. దాని శిఖరాన శిలువ నిలబెట్టారు. ఆ బండ పాదం వద్ద తలపాగా, పొడవైన అంగీ ధరించి, ఖడ్గంతో నిలబడిన ఒక అరబ్బు యోధుని కాంస్య విగ్రహం ఉంది. అది మొదటి అబ్దుర్రహ్మాన్‌ది. విగ్రహాల విషయంలో మన ధర్మ వైఖరి పాఠకులకు తెలిసినదే. అయితే ఐదు శతాబ్దాల క్రితం ముస్లిం పాలన అంతరించిన ఒక పట్టణం, తన తీరంలో దిగిన ఒక ముస్లిం పాలకుని నేటికీ ఇలా స్మరించుకుంటున్నదంటే అది గమనించదగిన విషయమే.

మనవడు కథ చెప్పమన్నాడు. చెప్పాను. హిజ్రీ 132లో, అంటే క్రీ.శ. 750లో, డమాస్కస్‌లోని ఉమయ్యద్ ఖిలాఫత్ కూలిపోయింది. గెలిచిన అబ్బాసీలు ఓడిన వంశాన్ని వెదకి వెదకి చంపారు. అప్పటికి అబ్దుర్రహ్మాన్‌కు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. తమ్మునితో కలిసి యూఫ్రటీస్ నదిలో దూకి ఈదాడు. తమ్ముడు భయపడి, ఒడ్డు నుంచి శత్రువులు చేసిన బాసలు నమ్మి వెనుదిరిగి, ప్రాణాలు పోగొట్టుకున్నాడు. అవతలి ఒడ్డుకు చేరిన అన్న, బద్ర్ అనే నమ్మకమైన అనుచరునితో ఐదేళ్ల పాటు ఉత్తరాఫ్రికా అంతా తిరిగాడు. అతని తల్లి బర్బర్ జాతి స్త్రీ. ఆమె తరపు బంధువులు ఆశ్రయమిచ్చారు. 755లో ఈ తీరంలో దిగాడు. మరుసటి సంవత్సరం కుర్తుబాలో పాలన స్థాపించాడు. ముస్లింలలోనే తన వంశానికి బద్ధశత్రువైన అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కూడా అతణ్ణి ఖురైషుల డేగ అని మెచ్చుకున్నాడు.

"నానాజాన్, ఆయన గెలిచినట్టా, ఓడినట్టా?" అని అడిగాడు పిల్లవాడు.

"ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చాడు బాబూ. వచ్చినచోట ఏడుస్తూ కూర్చోలేదు. కుర్తుబా దగ్గర రుసాఫా అనే తోట వేసి, తన చిన్ననాటి ఊరి చెట్లను అక్కడ పెంచాడు. ఖర్జూరం, దానిమ్మ సిరియా నుంచి తెప్పించాడు. చివరి రోజుల్లో పెద్ద మస్జిద్ కట్టడం ప్రారంభించాడు" అన్నాను. వాడు సముద్రం వైపు చూస్తూ, "అంటే ఆయన కూడా మా లాగా వేరే దేశం నుంచి వచ్చాడన్నమాట" అన్నాడు. ఈ పోలిక నాకు తోచలేదు. మా అమ్మాయి కొడుకు తల నిమిరింది.

తరువాతి రెండు రోజులు ఊరు చూడడంలో గడిచాయి. ఊరి మధ్య ఉద్యానవనంలో, చేపలకు ఉప్పు పట్టించి నిల్వచేసిన ఫినీషియన్ల, రోమన్ల కాలపు తొట్లు ఉన్నాయి. చుట్టూ రకరకాల ఖర్జూర, తాటి జాతుల చెట్లు. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ నీటి వంతెన ఇంకా నిలిచి ఉంది. కొండపైన కోట ఉంది. రోమన్ల పునాదులపై ముస్లింలు కట్టగా, గ్రనాదా నస్రీ సుల్తానులు దానిని తమ విడిదిగా వాడుకున్నారు. 1489లో ఆ ఊరు క్యాథలిక్ రాజుల వశమైంది. మరి కొన్ని శతాబ్దాల తరువాత ఆ కోట ఆవరణే ఊరికి శ్మశానవాటిక అయింది. నలభై ఏళ్ల క్రితం వరకూ అక్కడే ఖననం చేసేవారు. రాజుల విడిది సామాన్యుల సమాధుల స్థలం కావడాన్ని మించిన ఉపదేశం ఏముంటుంది? ఎన్ని జాతులు ఆ కొండనెక్కి తమదే శాశ్వతమనుకున్నాయో!

కోట బురుజు మీద నుంచి చూస్తే ఉత్తరాన కొండలు వరుసగా కనిపిస్తాయి. వాటికి ఆవల అల్పుహర్రాస్ అనే పర్వత ప్రాంతం ఉంది. ఆ సాయంత్రం బురుజు గోడనానుకుని కూర్చుని, ఆ కొండల చరిత్రను అమ్మాయికి, అల్లునికి చెప్పాను. ఇది మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనిపించని చరిత్ర గనుక ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

1492లో గ్రనాదా లొంగిపోయినప్పుడు, ముస్లింల మతాచారాలకు భంగం కలగదని ఒప్పందం రాసుకున్నారు. పదేళ్లు గడవకముందే ఆ మాట తప్పారు. 1502లో, మతం మారండి లేదా దేశం విడిచి వెళ్లండి అని శాసించారు. వెళ్లే దారి లేని అసంఖ్యాక ప్రజలు పైకి క్రైస్తవం స్వీకరించారు. వారిని మోరిస్కోలు అన్నారు. మస్జిదులు చర్చీలయ్యాయి. 1504లో ఉత్తరాఫ్రికాలోని వహ్రాన్‌కు చెందిన ఒక మాలికీ పండితుడు వారికి ఒక ఫత్వా పంపారు. గత్యంతరం లేనివారు నమాజును సైగలతోనైనా చేసుకోవచ్చని, విశ్వాసాన్ని హృదయంలో భద్రంగా ఉంచుకోమని ఆయన ధైర్యం చెప్పారు. 1567 నాటి శాసనం మరింత కఠినమైనది. అరబీ మాట్లాడరాదు, రాయరాదు. తమ దుస్తులు ధరించరాదు. స్నానశాలలకు పోరాదు. శుక్రవారాలలో ఇంటి తలుపులు తెరిచి ఉంచాలి. ఎందుకు? లోపల జుమా నాడు ఎవరైనా స్నానం చేస్తున్నారేమో, నమాజు చేస్తున్నారేమో కనిపెట్టడానికి! మరుసటి ఏడాది చివర ఆ కొండల్లో తిరుగుబాటు చెలరేగింది. 1571కల్లా దానిని అణచివేసి, గ్రనాదా ప్రాంతపు మోరిస్కోలను దేశం నలుమూలలకు చెదరగొట్టారు. చివరకు 1609 నుంచి 1614 వరకు సుమారు 3 లక్షల మందిని దేశం నుంచే బహిష్కరించారు.

మస్జిదులు లేవు, మద్రసాలు లేవు, గ్రంథాలు నేరం. అయినా గ్రనాదా లొంగిన తరువాత వందేళ్లకు పైగా వారిలో ఇస్లాం ఎలా బ్రతికింది? ఇంటిలో బ్రతికింది. ముఖ్యంగా వంటింటిలో బ్రతికింది. ఈ మాటకు సాక్ష్యం చెప్పినవారు వారి శత్రువులే. మతవిచారణ న్యాయస్థానాల దస్తావేజుల్లో వారిపై మోపిన అభియోగాలు చూడండి: ఈమె పంది మాంసం తినడం లేదు, ఈ ఇంటిలో కొవ్వుతో కాక నూనెతో వండుతున్నారు, వీరు సారా ముట్టడం లేదు, నేలపై కూర్చుని కుస్‌కుస్ తింటున్నారు, ఫలానా నెలలో పగలు పొయ్యి వెలిగించడం లేదు. ఒక తల్లి బాణలిలో ఏమి పోసిందన్నది ఆనాడు ప్రాణాలకు సంబంధించిన సంగతి. పొరుగువాడు వాసన పసిగట్టి ఫిర్యాదు చేస్తే ఆ కుటుంబం చెరసాలపాలయ్యేది.

మరొక సంగతి. వారిలో చాలామందికి క్రమంగా అరబీ మాటలాడడం రాకుండా పోయింది. అప్పుడు వారు తమ స్పానిష్ భాషనే అరబీ లిపిలో రాసుకుని, ఖుర్ఆన్ భావాలు, దుఆలు, ప్రవక్తల కథలు పిల్లలకు చదివి వినిపించారు. 1884లో ఉత్తరాన అరగోన్ ప్రాంతంలోని ఒక గ్రామంలో పాత ఇల్లు పడగొడుతుండగా, అందులో దాచిన అటువంటి గ్రంథాలు బయటపడ్డాయి. ధర్మాన్ని తెలుగులో చదువుకుంటున్న మనకు ఆ గ్రంథాల విలువ వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో మాట్లాడే భాషలో పిల్లవానికి అందించిన ధర్మం దాగి కూడా బ్రతికి ఉంటుంది.

నేను ఇదంతా చెబుతుండగా మనవడు తన బడి సంగతి ఒకటి చెప్పాడు. ఫిబ్రవరి 28 అందలూసియా ప్రాంతపు పండుగ దినం. దాని సందర్భంగా సెలవులకు ముందు బడిలో పిల్లలందరికీ రొట్టె మీద ఆలివ్ నూనె పోసి అల్పాహారంగా పెట్టారట. ఇదే మన అందలూసియా భోజనం అని టీచరు చెప్పారట. అది విని మేమందరం ఒక్క క్షణం మౌనంగా ఉండిపోయాము. ఏ నూనె ఒకనాడు ఒక తల్లిపై నేరారోపణకు ఆధారమైందో, అదే నూనెను నేడు ఆ నేల పిల్లలకు తమ గౌరవచిహ్నంగా పంచిపెడుతున్నారు. అల్లాహ్ రోజులను ప్రజల మధ్య ఎలా మారుస్తూ ఉంటాడో కదా!

మా అమ్మాయితో అప్పుడు ఇంతే అన్నాను: "బేటీ, వారికి అడిగే హక్కు లేదు. అడిగితే ప్రాణం పోయేది. నీవు నడిబజారులో నిలబడి అడగగలుగుతున్నావు. అడిగితే వారు మర్యాదగా జవాబు చెబుతున్నారు. బడివారు తామే కాగితం ఇస్తున్నారు. ఇది అల్లాహ్ నీకిచ్చిన సౌకర్యం. అలసట నిజమే, నేను కాదనను. కాని అది బరువు అని నీవు అనుకుంటే వాడు దానిని సిగ్గు అనుకుంటాడు. నీవు హాయిగా అడిగితే వాడికీ అది హాయి అవుతుంది." ఆమె ఏమీ బదులు చెప్పలేదు.

గురువారం ఉదయం రొట్టెల దుకాణానికి వెళ్లాము. అద్దాల వెనుక బాదం పిండితో చేసినవి, తేనెలో ముంచినవి, చక్కెర చల్లినవి ఎన్నో తీపి పదార్థాలు. గల్లా వద్ద ఒక పెద్దావిడ ఉన్నది. అమ్మాయి ముందుకు వెళ్లి, నవ్వుతూ, తీరికగా పలకరించి, పిల్లవాని భుజం మీద చేయి వేసి నిలబడింది. తాను అడగలేదు. కాసేపటికి వాడు తలెత్తి తల్లి ముఖం చూశాడు. తరువాత ఆవిడ వైపు తిరిగి, వాటిలో మాంతేక ఉందా అని స్పానిష్‌లో స్పష్టంగా అడిగాడు. ఆవిడ గల్లా వెనుక నుంచి ఇవతలికి వచ్చి, ఒక్కొక్క పళ్లెమూ చూపిస్తూ, ఇది కొవ్వుతో చేసింది, ఇది నూనెతో చేసింది అని వానికి విడమరచి చెప్పింది. నూనెతో చేసిన వాటిలో రెండు వాని చేతిలో ఊరకే పెట్టింది. దారి పొడవునా వాడు ఏది కొవ్వుది, ఏది నూనెది అని మాకు పాఠం చెబుతూనే ఉన్నాడు. ఇక ఆ బడి కాగితం సంగతి నేను అమ్మాయిని అడగలేదు. అది నిర్ణయించుకోవలసింది ఆ తల్లిదండ్రులు. మనం చేయగలిగింది దుఆ.

ఫిబ్రవరి 28 శుక్రవారమే వచ్చింది. ప్రయాణికులకు జుమా విధి కాకపోయినా, గంట ప్రయాణ దూరంలో గ్రనాదా ఉండగా మానడానికి మనసొప్పలేదు. పాత అల్బైసిన్ పేటలో, అల్‌హమ్రా కోటకు ఎదురుగా కొండమీద 2003లో ప్రారంభమైన మస్జిద్ ఉంది. గ్రనాదా లొంగిపోయిన తరువాత ఆ నగరంలో మస్జిదుగానే నిర్మించిన మొదటి కట్టడం అదే. స్పానిష్ ముస్లింలు, మొరాకోవారు, ఆఫ్రికావారు, మా వంటి పరదేశులు భుజం భుజం కలిపి నిలబడ్డాము. అల్‌హమ్రా లోపలికి వెళ్లే తీరిక లేకపోయింది. మస్జిద్ తోటలో నుంచే ఆ ఎర్రని గోడలను చూశాము. నాకు అంతకంటే ఎక్కువ చూడాలనిపించలేదు కూడా. తోటలో నవ్వుతూ పరుగెత్తుతున్న చిన్నపిల్లల మీదనే నా చూపు నిలిచింది.

సాయంత్రానికి అల్-మునక్కబ్ చేరుకుని నెలవంక కోసం సముద్రపు ఒడ్డున నిలబడ్డాము. పడమట మబ్బులు కమ్మి ఉన్నాయి. ఇషా వేళకు అల్లుని ఫోనుకు కబురు అందింది: రేపే మొదటి ఉపవాసం. ఆ రాత్రి మా చిన్న వంటింట్లో నా భార్య, అమ్మాయి సహరీకి పప్పు, అన్నం, నూనెలో వేయించిన వంకాయ సిద్ధం చేశారు. తనను తప్పక లేపాలని మనవడు నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ప్రియమైన పాఠక సోదర సోదరీమణులారా! అందలుస్ పేరు వినగానే మనం పోయిన రాజ్యం కోసం నిట్టూరుస్తాము. బాధపడడం సహజం. అయితే ఆ బాధ నేడు అక్కడ నివసించే ప్రజల మీద ద్వేషంగా మారితే అది అన్యాయం. మాకు వారు చూపిన ఆదరణకు నేను సాక్షిని. అందలుస్ నుంచి మనం తెచ్చుకోవలసింది నిట్టూర్పు కాదు, ఒక పాఠం. ఖిలాఫత్, కోట, ధనాగారం అన్నీ పోయిన తరువాత కూడా ధర్మాన్ని నిలిపినది ఇల్లు. మన ఇళ్లలో ఆ కాపలా ఎలా ఉంది? మన పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, దుబాయిలోనో, డాలస్‌లోనో ఒంటరిగా అన్నం పళ్లెం ముందు కూర్చున్నప్పుడు, అడగడానికి సిగ్గుపడని ధైర్యాన్ని వారికి మనం ఇచ్చామా? హరామ్ అని బెదిరించడం తేలిక. వారి పక్కన నిలబడి, భుజం మీద చేయి వేసి, వారు తామే అడిగే దాకా ఓపిక పట్టడం కష్టం. తర్బియత్ అంటే ఆ రెండవదే.

ప్రతి రోజూ ఒక్కపూటైనా ఇంటిల్లిపాదీ ఒకే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోండి. బిస్మిల్లాహ్ పిల్లలచేత చెప్పించండి. ఈ ఆహారం ఎక్కడిది, ఎలా సంపాదించినది, ఇది మనకు ఎందుకు సమ్మతం, అది ఎందుకు కాదు అన్నది మీకు వచ్చిన భాషలో, మందలింపుగా కాక ముచ్చటగా చెప్పండి. రమజాను సహరీ, ఇఫ్తార్‌లు దీనికి అల్లాహ్ ప్రసాదించిన నెల రోజుల పాఠశాల.

మనకూ మన సంతానానికీ హలాల్ ఆహారాన్ని, దానితో సంతృప్తి చెందే హృదయాన్ని, దానిని అడిగి తీసుకునే ధైర్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! తలుపులు తెరిచి ఉంచవలసి వచ్చిన ఆ ఇళ్లలో విశ్వాసాన్ని దాచి కాపాడిన తల్లులందరినీ ఆయన కరుణించుగాక! ఆమీన్.